ఏడో మంచం బరువు

మార్చి 2, సోమవారం

నేను చేసిన పని ఇవాళ ఇంకొకడి పేరు మీద గోడకెక్కింది. అందుకే ఇది మొదలుపెడుతున్నాను. ఎప్పుడు ఏం చేశానో, ఎవరు ఏమన్నారో తారీఖులతో సహా ఒకచోట ఉండాలి. ఆఫీసులో రాసేదంతా వాళ్ళ చేతిలో ఉంటుంది. ఈ నోటుబుక్కు ఒక్కటే నాది.

ఇంట్లో ఎక్కడ పడేసినా భయం లేదు. చదవగలిగినదాన్ని నేనొక్కదాన్నే. ఈ మాట రాసి చూసుకుంటే సిగ్గేసింది. అయినా కొట్టెయ్యను, నిజమే కదా.

గోడ అంటే టీవీ. మేనేజరు కుర్చీకి ఎదురుగా ఉంటుంది. అందులో బొమ్మలూ వార్తలూ రావు, ఒకే ఒక గీత ఉంటుంది. పిల్లల వార్డుల లెక్క మొత్తం పూర్తవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో ఆ గీత చెబుతుంది. అది దిగితే ఆయన మొహం వెలుగుతుంది, ఎక్కితే మాడుతుంది. మా కోడ్‌లో ఒక్క లైను ఆయన చదవగా నేను చూడలేదు. మనసులో ఆయనకి గ్రాఫు అని పేరు పెట్టుకున్నాను. పేరు ఇంత అతికినట్టు కుదిరిన మనిషిని ఇంకెక్కడా చూడలేదు.

రేపు ఎవరైనా అడిగితే తడుముకోకుండా ఉండటానికి, గ్రాఫుకి చెప్పినంత నెమ్మదిగా రాసిపెడుతున్నాను. ఏ మందు ఎంత ఇవ్వాలన్న నియమాలని ఆసుపత్రులవాళ్ళు మా చిన్న భాషలో రాసుకుంటారు. పదిహేనేళ్ళ కిందట, ఈ కంపెనీ పెట్టిన పెద్దాయన తయారుచేసిన భాష అది. మందుల గదిలో కూర్చునేవాళ్ళు కూడా వారంలో నేర్చుకోగలరు. కానీ దానికి సొంత కాళ్ళు లేవు. ఇంకో పెద్ద భాష భుజాల మీద కూర్చుని నడుస్తుంది. పైన ఒక్క గుణకారం రాస్తే కింద పాతిక పనులు జరుగుతాయి. అందుకే నత్తనడక. పొద్దున రౌండ్ల సమయంలో నర్సులు స్క్రీన్ ముందు నలభై ఒక్క సెకన్లు నిలబడి మమ్మల్ని తిడుతున్నారు. తిట్టాలి కూడా.

ఆ పాతిక పనుల్లో డబ్బాల పని ఒకటి. ప్రతి పిల్లాడి బరువు కోసం కింది భాష ఒక కొత్త డబ్బా తయారుచేస్తుంది, లెక్క అవగానే పారేస్తుంది, పారేసినవి గుట్టపడితే ఊడవడానికి ఆగుతుంది. నేను వార్డు మొత్తానికి ఒకే డబ్బా పెట్టాను. ఒక పిల్లాడి లెక్క కాగానే అదే డబ్బాలో తర్వాతి పిల్లాడి బరువు. పారెయ్యడమూ లేదు, ఊడవడమూ లేదు. నలభై ఒకటి ఇరవై తొమ్మిదికి దిగింది.

ఇది నాది. ఫిబ్రవరి 19న మొదలుపెట్టాను, 26న పూర్తిచేశాను.

మా టీమ్‌లోనే ఒకడు, నేను మేధావి అని పేరు పెట్టుకున్నవాడు, దాన్ని తన చిల్లర మార్పులతో కలిపి మూటకట్టి పంపాడు. టీవీలో గీత పక్కన వాడి పేరు పడింది. వాడు పేరు ముందు "డా" అని పెట్టుకుంటాడు. జ్వరమొస్తే మాత్ర రాయడం కూడా రాని డాక్టరు.

"సార్, ఆ డబ్బా మార్పు నేను చేసింది" అన్నాను.

"టీమ్ అన్నాక నాదీ నీదీ ఏంటమ్మా?" అన్నాడు, టీవీకేసి చూస్తూ.

టీమ్ పేరు టీవీలో ఎక్కడా లేదు.

మార్చి 3

గంట సంగతి రాయడం మర్చిపోయాను. గీత దింపినవాడు టీవీ కింద వేలాడే ఇత్తడి గంట కొట్టాలి. అందరూ లేచి చప్పట్లు కొట్టాలి. పెళ్ళయి పిల్లలున్నవాళ్ళు. నిన్న మేధావి కొట్టాడు. నేనూ చప్పట్లు కొట్టాను.

మార్చి 4

టెస్టులు చూసే ఆవిడని ఆఫీసంతా చాదస్తం అంటుంది. ఇక్కడికి రాకముందు పన్నెండేళ్ళు పిల్లల వార్డులో నర్సుగా చేసిందట. ఏ మాట మొదలుపెట్టినా వార్డులో తేలుతుంది. గీత కోసం మేము నడిపే లెక్కల్లో ఆవిడ ఇచ్చిన వరుసలున్నాయి, పిల్లాడికొకటి. వాటిలో రెండు వందల పన్నెండు చోట్ల బరువు గడి ఖాళీ. ఖాళీ తగిలిన ప్రతిచోటా చిన్న భాష నెమ్మది దారి పడుతుంది. గీత దిగనంటోంది.

"ఈ ఖాళీ వరుసలు తీసెయ్యొచ్చా మేడమ్?" అని అడిగాను.

"ఎందుకు, ఆసుపత్రుల్లో ఖాళీలుండవా?"

"బరువు చూడకుండా పిల్లల్ని ఎలా చేర్చుకుంటారండీ?"

"ఫిట్స్‌తో కొట్టుకుంటున్న పిల్లాణ్ణి ముందు తూకం యంత్రం ఎక్కిస్తావా తల్లీ, సూది వేస్తావా?"

ఏదడిగినా ఫిట్సే ఈవిడకి. గ్రాఫు దగ్గరికి వెళ్ళాను. "స్పీడ్ టెస్టు వేరు, కరెక్ట్ టెస్టు వేరు. తీసెయ్" అన్నాడు. తీసేశాను. ఇరవై ఏడు.

రెండు సెకన్లకి గంట కొట్టనివ్వరట. కనీసం ఐదు ఉండాలి. రూలు.

మార్చి 6, శుక్రవారం

పదకొండు.

మేధావి గంట కొట్టిన కొట్టుడికి తాడు తెగింది. గ్రాఫు వాణ్ణి కౌగిలించుకున్నాడు. పద్దెనిమిదో తారీఖున ఇరవై రెండు ఆసుపత్రులకీ కొత్త వెర్షన్ వెళ్తుంది. సోమవారం నుంచి ఒక ఆసుపత్రిలో ట్రయల్.

వాడు ఏం చేశాడో మధ్యాహ్నమంతా కూర్చుని చదివాను. చదివి నవ్వుకున్నాను.

బరువు రాయని చోట చిన్న భాష సున్నా అనదు, ఖాళీ అంటుంది. ఖాళీని దేనితో గుణించినా ఖాళీయే. మోతాదు రావలసిన చోట స్క్రీన్ మీద ఎర్రగీత పడుతుంది, నర్సు ఆగిపోతుంది. పెద్దాయన చేసిన మంచి పని ఏదైనా ఉంటే అది ఇదే. దీనికోసం ప్రతి డబ్బా మీద ఖాళీయా కాదా అని ఒక గుర్తు ఉంటుంది. లెక్క చేసేముందు ఆ గుర్తు చూడాలి. మేధావి మొదటి పిల్లాడికి మాత్రం చూస్తున్నాడు. మొదటివాడి బరువు రాసి ఉంటే వార్డులో అందరి బరువూ రాసి ఉన్నట్టే అట! పెద్ద చదువు చదివితే వచ్చే తెలివి ఇదీ.

మధ్యలో ఖాళీ వస్తే? డబ్బాలో ఏమీ ఉండదు కాబట్టి సున్నా తీసుకుంటుంది. మోతాదు సున్నా మిల్లీలీటర్లు అని వస్తుంది. నర్సు చూసి నవ్వుతుంది, ఫోన్ చేస్తుంది. అప్పుడు చూడాలి వాడి మొహం.

నేను ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పాలి? నన్నెవరైనా అడిగారా?

మార్చి 8, ఆదివారం

అమ్మ వారమంతా లాండ్రీలో ఇస్త్రీ చేసి, ఆదివారం ఇంట్లో బట్టలకి ఇస్త్రీ చేస్తుంది. అదేం పిచ్చో. నేను కిటికీ దగ్గర రాసుకుంటుంటే పెట్టె ఆపి చూసింది.

"ఎవర్నే, అంతలా తిడుతున్నావు?"

"ఆఫీసు పనమ్మా."

"ఆఫీసు పని చేసేటప్పుడు పళ్ళు కొరకవు నువ్వు. ఆ కలం చూడు, కాగితం అవతలికి దిగిపోతోంది."

"నీకెలా తెలుసు తిడుతున్నానని?"

"మా సూపర్‌వైజర్‌ని తల్చుకుని నేను కాలరు నొక్కేది అలాగే."

నవ్వొచ్చింది. నిజానికి ఆ కాస్సేపూ హాయిగా ఉంది. తర్వాత అడిగింది, "అసలు నువ్వు చేసే పనేంటే? పక్కింటివాళ్ళు అడిగితే కంప్యూటర్ అంటున్నాను. కంప్యూటర్‌తో ఏంటి?"

"నర్సులు నిలబడి చూసే టైము తగ్గిస్తున్నానమ్మా."

"మంచిదే. నిలబడితే నడుము పోతుంది" అంది, మళ్ళీ ఇస్త్రీకి నిలబడుతూ.

మార్చి 10, మంగళవారం

సున్నా కాదు.

మార్చి 10, అదే రోజు, ఇంటికి వచ్చాక

మెల్లగా, వరసగా రాస్తాను.

ట్రయల్ ఆసుపత్రి మందుల గది నుంచి ఫోన్. మిగతావాళ్ళు మీటింగ్‌లో ఉంటే నేనే ఎత్తాను. పెద్దావిడ గొంతు.

"అమ్మాయ్, మీ కొత్తది బాగా పరిగెడుతోంది, సంతోషం. కానీ ఆరో మంచానికీ ఏడో మంచానికీ ఒకే మోతాదు చూపిస్తోందేంటి?"

"రెండు బరువులూ ఒకటేనేమోనండీ."

"ఆరో మంచం పదకొండేళ్ళ పిల్లాడు, ముప్ఫై నాలుగు కిలోలు. ఏడో మంచం ఐదు నెలల పాప. నర్సు సిరంజిలోకి ఎక్కించింది కూడా. అంత లావు సిరంజి పట్టుకుని పాప దగ్గరికి వెళ్తుంటే నా కంటపడింది."

"ఇచ్చేశారా అండీ?"

"ఇచ్చేసుంటే నీతో ఇంత నెమ్మదిగా మాట్లాడుతుంటానా?"

పాప బరువు రాశారా అని అడిగాను. రాయలేదంది. "ముందైతే ఎర్రగీత వచ్చేది కదమ్మా, ఆగేవాళ్ళం. ఇప్పుడు అంకె వచ్చింది. అంకె వస్తే ఎవరాగుతారు?"

చూసి చెప్తానని పెట్టేశాను. అంతే. చూసి చెప్తాను అన్నాను.

మేధావి తప్పు. గుర్తు చూడటం మానేసింది వాడు.

మార్చి 11

మేధావి తప్పు. మళ్ళీ చూశాను.

మార్చి 11, బస్‌స్టాప్‌లో

ఎవరూ లేనప్పుడు నాలుగు రకాలుగా నడిపి చూశాను.

పాత వెర్షన్: ఎర్రగీత.

నా డబ్బా ఒక్కటే పెట్టి: ఎర్రగీత. అంటే నాది సరైనదే.

మేధావి మార్పు ఒక్కటే పెట్టి: సున్నా. నేను అనుకున్నట్టే.

రెండూ కలిపి: ముప్ఫై నాలుగు కిలోలు.

నా డబ్బా ఒకటే కదా. బరువు రాసి లేకపోతే నేను గుర్తు మాత్రం మారుస్తాను, లోపలున్న అంకెని ముట్టుకోను. ఎందుకు ముట్టుకోవాలి? ఎలాగూ ముందు గుర్తు చూస్తారు కదా, అంకె ఎవరు చదువుతారు? వాడు గుర్తు చూడటం మానేశాడు. చెయ్యి పెడితే దొరికింది ముందు పిల్లాడి బరువు. ఆరో మంచం బరువు ఏడో మంచం మీద పడింది.

నా కోడ్‌లో తప్పు లేదు. విడిగా నడిపితే సరైన జవాబే వస్తుంది. నా కోడ్‌లో తప్పు లేదు. వాడిది విడిగా నడిపితే సున్నా వస్తుంది, నర్సు నవ్వుతుంది, ఎవరికీ ఏమీ కాదు. నాది విడిగా నడిపితే

బస్సు వచ్చింది.

మార్చి 12, గురువారం

గ్రాఫు గదిలో ముగ్గురం. మేధావి కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. నేను నాలుగు జవాబులూ ఒక కాగితం మీద రాసుకెళ్ళాను.

గ్రాఫు దాన్ని తీసుకోలేదు. "నోటితో చెప్పమ్మా" అన్నాడు. చెప్పాను. ఏడో మంచం సంగతి కూడా చెప్పాను.

"అంటే వాళ్ళు బరువు రాయలేదు. అది ఎంట్రీ పొరపాటు కదా?"

"రాయకపోతే ఆపడానికే సార్ ఆ గుర్తు ఉన్నది."

"గుర్తు మళ్ళీ చూడటం మొదలుపెడితే ఎంతవుతుంది?" అని మేధావిని అడిగాడు.

"ఖాళీ వరుసలతో కలిపి ఇరవై తొమ్మిది."

గ్రాఫు మొహం, పొరపాటున పులుపు కొరికినవాడిలా, ముడుచుకుపోయింది. "పదకొండు అని ఇరవై రెండు ఆసుపత్రులకీ చెప్పేశానయ్యా!"

"అసలు డబ్బాలో పాత అంకె ఉండటం కదా సమస్య" అన్నాడు మేధావి. ఇప్పుడు కాలు దించాడు. "నా మార్పు సున్నా ఇస్తుంది. డబ్బాలో పాతది మిగలబట్టే ఇదంతా."

"ఆ డబ్బా పని ఎవరిది?" గ్రాఫు స్క్రీన్ తిప్పి చూశాడు. "ఫిబ్రవరి మూట. నీ పేరే ఉందిగా?"

మేధావి మొహం చూడాలని వారంగా ఎదురుచూస్తున్నాను. చూశాను. తెల్లగా అయిపోయింది. "చాలా మార్పులున్నాయి సార్ అందులో, నాకు సరిగ్గా గుర్తులేదు" అని నావైపు చూశాడు.

నేను బల్ల మీద పేపర్‌వెయిట్ చూస్తూ కూర్చున్నాను. గాజుది. లోపల నీలం బుడగ.

గ్రాఫే సర్దేశాడు. ఎవరి తప్పూ కాదట. తెలిసిన తేడాల జాబితాలో చేర్చేస్తే సరిపోతుందట. పాత వెర్షన్‌కీ కొత్తదానికీ జవాబు వేరైతే అందులో పడేస్తారు, టెస్టు పాసైనట్టు మళ్ళీ ఆకుపచ్చగా అయిపోతుంది. మా ఆఫీసులో కనిపెట్టిన గొప్ప వస్తువు ఏదంటే ఆ జాబితా. చెత్తబుట్టకి మూత పెట్టి బీరువా అని పేరు పెట్టినట్టు.

"ఇది మెయిల్‌లో పెట్టకు" అన్నాడు నాతో, వెళ్ళబోతుంటే. "నీ కన్ఫర్మేషన్ లెటరు రేపొస్తుంది. బాగా చేస్తున్నావు. ఇలాంటివి నోటితో మాట్లాడుకోవాలి."

మార్చి 12, భోజనాల టైము, మెట్ల మీద

లెక్క చూసుకుందాం. ఆఫీసు రికార్డులో ఆ డబ్బా మేధావిది. నా పేరు దొంగిలించినవాడు నా తప్పు కూడా ఎత్తుకుపోయాడు. దాన్ని నేను చేశానని ఈ నోటుబుక్కు తప్ప ప్రపంచంలో ఎక్కడా లేదు. మార్చి 2, మొదటి పేజీ, నా చేతిరాతే. "ఇది నాది."

ఒక్క పేజీ చింపితే చాలు.

మార్చి 13, శుక్రవారం

లెటరు వచ్చింది. నాన్న రంగుల పని నుంచి అప్పుడే వచ్చాడు. చేతులకి నీలం రంగు. ముట్టుకుంటే అంటుకుంటుందని తుండు అడ్డం వేసుకుని రెండు అంచులూ పట్టుకున్నాడు.

"ఏం రాశారే?"

"మీ సేవలు సంతృప్తికరంగా ఉన్నందున..."

"మెల్లగా చదువు. సంతృప్తి అంటే?"

"బాగుందని."

"అంటే బాగా చేశావని కంపెనీవాళ్ళు కాగితం మీద రాసిచ్చారన్నమాట. మళ్ళీ చదువు." మూడుసార్లు చదివించుకున్నాడు. తర్వాత అమ్మతో, "దీనికి లామినేషన్ చేయిద్దాం. తడిసినా పోదు" అన్నాడు.

"దీని మొహం చూడండి, ఎవరో చచ్చిపోయినట్టు పెట్టింది" అంది అమ్మ.

తలనొప్పన్నాను.

ఏడో మంచం పాప బరువు ఎంతో నేను అడగనేలేదు.

మార్చి 14, శనివారం

పొద్దున్నే చాదస్తం ఇంటికి వెళ్ళాను. ఇక ఆవిడని అలా రాయకూడదు. మేడమ్ ఇంటికి వెళ్ళాను. గుమ్మంలో ముక్కాలిపీట మీద కూర్చుని గొడుగు ఊచ సరిచేస్తోంది. రమ్మనలేదు, పొమ్మనలేదు.

"ఆ ఖాళీ వరుసలు ఎవరు తీశారో తెలుసా మేడమ్?"

"తెలుసు. నువ్వే. నాకు చెప్పే తీశావు కదా."

"డబ్బా పని కూడా నాదే."

అప్పుడు తలెత్తింది. "అది మేధావిది అంటున్నారే?" ఆవిడ కూడా వాణ్ణి మేధావి అనే అంటుందని నాకు తెలియదు. నేనే పెట్టాననుకున్నాను ఆ పేరు.

"నాది. రాసి పెట్టుకున్నాను."

"వాడు గుర్తు తీసేసినట్టు నీకెప్పుడు తెలిసింది?"

ఈ ప్రశ్న ఎవరూ అడగరనుకున్నాను. "ఆరో తారీఖున" అన్నాను.

"సోమవారం కదూ ట్రయల్ మొదలైంది?"

"సున్నా వస్తుందనుకున్నాను. నర్సు నవ్వుతుందనుకున్నాను."

"నర్సు నవ్వుతుందా!" గొడుగు పక్కన పెట్టేసింది. "ముప్ఫై మంది పిల్లలకి ఇద్దరుంటారు తల్లీ నర్సులు. నవ్వడానికి తీరికెక్కడ వాళ్ళకి? నువ్వు వాడి మొహం చూడాలనుకున్నావు. అంతేగా?"

అంతే.

ఆవిడ నన్ను తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. లోపలికి వెళ్ళి కాగితాల కట్ట తెచ్చింది. నేను తీసేసిన రెండు వందల పన్నెండు వరుసలూ ఆవిడ దాచుకుంది. బుధవారం తనే కొత్త వెర్షన్ మీద నడిపింది. రెండు వందల మూడు చోట్ల పక్క పిల్లాడి బరువు వచ్చింది. మూడు వార్డుల్లో మొదటి మంచం బరువే రాసి లేదు, అక్కడ అందరికీ గుర్తు చూసింది కాబట్టి ఆ వార్డుల్లోని తొమ్మిది మాత్రం బతికిపోయాయి. ఇదంతా గ్రాఫుకి పంపితే అరగంటలో తెలిసిన తేడాల జాబితాలోకి వెళ్ళిపోయిందట.

"మరి మీరు ఊరుకున్నారా?"

"నేను చెప్తే చాదస్తం అంటారు. అంటున్నారని నాకు తెలీదనుకున్నావా? రెండు ముక్కలూ కలిస్తే ఏమవుతుందో, ఎవరు చేశారో తెలిసినవాళ్ళు చెప్పాలి. వాడు చెప్పడు." కట్ట నా ఒళ్ళో పెట్టింది. "పెద్దాయనకి రాయి. ఆయన మెయిళ్ళు చూడడు, కాగితం అయితే చదువుతాడు. ఇంకొకటి. ఆసుపత్రికి ఫోన్ చేశావా?"

చేయలేదు. నాలుగు రోజులు. అక్కడే, ఆవిడ గుమ్మంలో నిలబడి చేశాను. బరువు రాయని పిల్లలెవరికీ స్క్రీన్ మీది అంకె నమ్మొద్దని చెప్పాను. మందుల గది ఆవిడ, "ఆ రోజు నుంచే చేత్తో వేస్తున్నాంలే అమ్మాయ్. నువ్వు చూసి చెప్తానన్నావు కదా, ఎప్పుడు చెప్తావా అని చూస్తున్నాం" అంది.

పాప బరువు ఆరు కిలోల రెండు వందల గ్రాములు. ఇంటికి పంపించేశారట. బాగుంది.

మార్చి 15, ఆదివారం

పొద్దుటి నుంచి మూడు కాగితాలు చింపాను. మొదటిదాంట్లో మేధావి గురించి పేజీన్నర ఉంది. బాగా వచ్చింది కూడా, ముఖ్యంగా ఆ "డా" మీద రాసిన ముక్క. రెండోదాంట్లో గ్రాఫు. మూడోదాంట్లో నా కోడ్ విడిగా నడిపితే సరైనదేనని నాలుగుసార్లు రాశాను. లెక్కపెట్టుకుని చింపేశాను.

రేపు పెద్దాయన గదిలో ఇవ్వాల్సింది ఇది. ముందు ఇక్కడ రాసుకుని, తర్వాత తెల్లకాగితం మీద ఎక్కిస్తాను.

అయ్యా,

నేను మీ చిన్న భాషని వేగంగా నడిపే పనిలో ఉన్నాను. 18వ తేదీ ఉదయం ఇరవై రెండు ఆసుపత్రులకి వెళ్ళబోతున్న కొత్త వెర్షన్‌ని ఆపమని అడగడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను.

బరువు రాయని పిల్లలకి ఆ వెర్షన్ పక్క మంచం బరువుతో మోతాదు చెబుతోంది. ఈ నెల 10న ట్రయల్ ఆసుపత్రిలో ఐదు నెలల పాపకి ముప్ఫై నాలుగు కిలోల పిల్లాడి మోతాదు సిరంజిలోకి ఎక్కింది. మందుల గదిలో పనిచేసే ఆవిడ చూసి ఆపారు. మన ప్రోగ్రాం ఆపలేదు. ఖాళీ అంటే సున్నా కాదు, ఖాళీ అంటే ఆగాలి అని మీరు మీ భాషకి నేర్పారు. మేము గీత కోసం దాన్ని మరిపించాం.

ఇందులో రెండు మార్పులున్నాయి. ఖాళీ గుర్తు చూడటం మానెయ్యడం ఒకటి. ఒకే డబ్బాని మళ్ళీ మళ్ళీ వాడటం రెండోది. రెండోది రికార్డులో వేరే పేరు మీద ఉంది. అది నేను ఫిబ్రవరి 19 నుంచి 26 వరకు చేసిన పని. డబ్బాలో పాత అంకె తుడవకుండా వదిలింది నేను. టెస్టుల్లోంచి రెండు వందల పన్నెండు ఖాళీ వరుసలు తీసింది నేను. మొదటి మార్పులో లోపం ఉందని 6వ తేదీనే తెలిసి కూడా, దాన్ని చేసిన మనిషి నలుగురిలో నవ్వులపాలు కావాలని నోరు మూసుకున్నది కూడా నేనే. 12వ తేదీన మేనేజరు గదిలో డబ్బా పని ఎవరిదని అడిగితే మళ్ళీ మాట్లాడలేదు. ఇక్కడ తెలివిలేనివాళ్ళు ఎవరెవరో నాకు బాగా తెలుసని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఆ లెక్కలో నన్ను వేసుకోవడం మర్చిపోయాను.

గుర్తు చూడటం మళ్ళీ పెడితే పదకొండు సెకన్లు ఇరవై తొమ్మిది అవుతుంది. పాత నలభై ఒకటి కంటే అది నయం. నర్సులు పద్దెనిమిది సెకన్లు ఎక్కువ నిలబడతారు. దానికి వాళ్ళు నన్ను తిట్టుకోవచ్చు.

నాలుగు రకాలుగా నడిపి చూసిన జవాబులూ, టెస్టుల మేడమ్ నడిపిన వరుసలూ జతచేశాను. శుక్రవారం నాకిచ్చిన కన్ఫర్మేషన్ లెటరు ఇంట్లో ఉంది. మీరు తిరిగి అడిగితే తెచ్చి ఇస్తాను. మా నాన్న దాన్ని లామినేషన్‌కి ఇవ్వబోతుంటే బుధవారం దాకా ఆగమని చెప్పాను.

ఈ విషయం మెయిల్‌లో పెట్టవద్దని నాకు చెప్పారు, అందుకే కాగితం మీద పెట్టాను. మీ జవాబు కూడా కాగితం మీద, మీ సంతకంతో కావాలి. విడుదల ఆపారో లేదో ఒక్క ముక్క రాస్తే చాలు. 17వ తేదీ, మంగళవారం, మధ్యాహ్నం పన్నెండు గంటల్లోగా జవాబు ఇవ్వండి. అప్పటికి రాకపోతే పన్నెండూ ఐదుకి మొదలుపెట్టి, ఇరవై రెండు మందుల గదులకీ నేనే ఫోన్ చేస్తాను.